పదిహేడో తారీఖు

డులూత్ ఊళ్లో జనవరి వస్తే
సరస్సు మీద మనుషులు నడుస్తారు.
మంచుకు బెజ్జం కొట్టి, పక్కన మడత కుర్చీ వేసుకుని
కనపడని చేప కోసం పొద్దంతా కూర్చుంటారు.
ఓపిక ఆ ఊరికి కొత్త కాదు.

మార్లిస్ హాగెన్, బడి వంటగదిలో గరిటె తిప్పే మనిషి,
మూడు వందల డాలర్లు కవర్లో పెట్టుకుని
పరపతి సంఘం కిటికీ ముందు నిలబడింది.
అన్నీ ఇరవైలే. పదిహేను నోట్లు. రెండుసార్లు లెక్కపెట్టింది.
"ఇవి మా దగ్గరుంటాయి" అంది కిటికీలో అమ్మాయి,
"ఇంతే మొత్తం మీకు అప్పుగా వాడుకోనిస్తాం."
మార్లిస్‌కి నవ్వొచ్చింది.
నా కంచంలోంచి నా ముద్ద తీసి
నాకే అరువిస్తారన్నమాట.

తన కోసం ఆమె ఏనాడూ అప్పు చేయలేదు.
చేసిందల్లా ఒక సంతకం.
తమ్ముడు ఆర్డెల్ చేపల ట్రక్కు కొంటానంటే
వంటింటి బల్ల మీద, కాఫీ మరక పక్కన,
చిన్నప్పుడు బహుమతి తెచ్చిన గుండ్రటి రాతతో
జామీనుగా పేరు రాసింది.
ట్రక్కు దక్షిణానికి పోయింది. తమ్ముడూ పోయాడు.
సంతకం ఒక్కటే ఊళ్లో మిగిలింది.
దాన్ని వెతుక్కుంటూ ఫోన్లు వచ్చాయి,
పొద్దున ఎనిమిదికి, పిల్లలకు వడ్డించే వేళ,
ఆదివారం చర్చి మెట్ల మీద.

ఐదు వందల పన్నెండు.
ఆమెకో పేరుండేది, ఇప్పుడు అంకె ఉంది.
అద్దెకు ఇల్లు చూపించినాయన
అంకె చూసి తాళం మళ్లీ వేసేశాడు.
మా వైపు అప్పు లేనివాణ్ణి అదృష్టవంతుడంటాం.
అక్కడ, తీసుకున్న అప్పు తీర్చిన జాడ లేకపోతే
మనిషి ఇంకా పుట్టనట్టే లెక్క.

నీలం రంగు కార్డు వచ్చింది.
తాకట్టుదని దాని మొహాన రాసి లేదు,
అయినా పెట్రోలు బంకులో మొదటిసారి గీకుతూ
వెనక్కి తిరిగి చూసింది.
నెలకు ఒక్కటే ఖర్చు, ఆ పెట్రోలే. ముప్పై దాటనివ్వదు.
క్యాలెండర్లో పదిహేడు చుట్టూ పెన్సిలుతో సున్నా.

మార్చిలో మంచు తుపాను. ఇంట్లో కరెంటు లేదు, కారు కదల్లేదు.
పదిహేడు మాత్రం వచ్చింది.
పన్నెండు వీధులు నడిచి వెళ్లి కట్టింది
ఇరవై నాలుగు డాలర్ల నలభై సెంట్లు.
"రేపు కట్టినా ఏం కాదండీ" అంది కిటికీ అమ్మాయి.
"నాకవుతుంది" అంది, బూట్ల మంచు దులుపుకుంటూ.

అంకె కదిలింది. ఐదు వందల ముప్పై ఒకటి. ఐదు వందల యాభై.
జూన్లో ఏ కారణమూ లేకుండా నాలుగు తగ్గింది.
ఆ రాత్రి ఉల్లిపాయలు
అవసరానికి మించి తరిగింది.

పద్నాలుగో నెల ఉత్తరం:
మీ డిపాజిట్టు వాపసు పంపుతున్నాం,
కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.
లోపల మూడు వందలకు చెక్కు.
దాన్ని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి
రెండ్రోజులు ఊరికే చూసుకుంది.

మూడో రోజు ఆర్డెల్ ఫోను. ఐదేళ్ల తర్వాత.
"అక్కా, మళ్లీ మొదలెడుతున్నా. ఒక్క సంతకం..."
పొయ్యి మీద బఠానీ సూపు పొంగుతోంది.
మంట తగ్గించింది.
"డబ్బిస్తాను ఆర్డెల్. మూడు వందలు. తిరిగివ్వక్కర్లేదు.
పేరివ్వను."
అటువైపు చాలాసేపు ఊపిరి మాత్రమే.
"నీ ఊళ్లోనూ అలాంటి కిటికీ ఒకటి ఉంటుంది, వెతుక్కో.
ఇరవైలుగా తీసుకెళ్లు, లెక్క సులువు."

ఫోను పెట్టేసి, చెక్కు వెనక్కి తిప్పి
పేరు రాసింది.
అక్షరాలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి,
చివర్లో ఒక్కచోట కాస్త వణికాయి.
ఈలోగా సూపు అడుగంటింది.
అలాగే తినేసింది.