వెనక బ్రేకు

ఆదోని నుంచి శనివారం పొద్దున బస్సు.
పైన సైకిలు, లోపల నేను.
కండక్టరు సైకిలుకి టిక్కెట్టు కొట్టి
"దీనికి కిటికీ పక్క సీటు కావల్నా?" అన్నాడు.
ఎమ్మిగనూరు దాకా నవ్వుతానే ఉండాడు,
తన మాటకు తనే.

కర్నూల్లో దింపి చూస్తే
వెనక బ్రేకు రబ్బరు లేదు.
యాడ రాలిందో
కోడుమూరు రోడ్డు గుంతలకే తెలియాల.

పోటీ రేపు. ఈరోజంతా ఊరు.
జబ్బు చేసిన దూడను తోలుకుపోయినట్టు
సైకిలు పట్టుకొని నడిచినాను.
బురుజు నీడలో నిలబడి
ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో ఉగ్గాని.
మిరపకాయ బజ్జీకి మూడో చెయ్యి లేక
పళ్ళతోనే పట్టినాను.

పెద్ద షాపులో "ఈ మోడలుకు తెప్పించాల, బుధవారం" అన్నారు.
రేపు ఆదివారం కదన్నా అన్నాను.
"బుధవారం" అన్నాడు మళ్ళీ,
ఆదివారం ఇంకా కనిపెట్టనట్టు.

హంద్రి మీద కాలువ దాటిపోయే చోట
కాసేపు ఊరికే నిలబడినాను.
కింద ఏటిలో నీళ్ళు లేవు.
పైన నీళ్ళు
పనికి పోయేవాళ్ళ మాదిరి
తల తిప్పకుండా పోతాండాయి.

పాతబస్తీ సందులో, పంపు పక్కన, దస్తగిరి తాత.
గేర్ల సైకిలు ఎప్పుడూ ముట్టలేదన్నాడు.
ముట్టినాక ఇంక మాట్లాడలేదు.
లారీ టైరు ముక్క కోసి
బండ మీద నూరి, గోటితో గీరి చూసి
మళ్ళీ నూరి, బిగించినాడు.

"యాడ పోటీ?"
జగన్నాథగట్టు.
"ఎక్కి?"
దిగేది.
"దిగి?"
మళ్ళా ఎక్కేది. మూడు చుట్లు.
"బయల్దేరిన కాడికే వచ్చేదానికి ఇంత తొందర ఏందమ్మా?"
నాకు జవాబు దొరకలేదు.
పేరడిగినాడు.
ఉరుకుందమ్మ.
"ఓ, అందుకా" అన్నాడు.

డబ్బులు తీసుకోలేదు.
"బ్రేకు పడితే వచ్చి ఇయ్యి.
పడకపోతే యాడ వస్తావులే."

*

గట్టు మీద పందొమ్మిది మంది.
నున్నటి హెల్మెట్లు, బెంగుళూరు బూట్లు.
మైకులో నా పేరు "ఉరుకుందాం" అని చదివినాడు.
అందరూ నవ్వినారు. నేను సరిదిద్దలేదు.

ఎక్కేటప్పుడు నా ఊపిరి నాకు వినపడింది.
వారమంతా జిన్నింగు మిల్లులో
దూది బేళ్ళు లెక్కపెట్టే దాన్ని,
ఆ మోతలో ఇది ఎప్పుడూ వినపడలేదు.
లోపల ఇంత పెద్ద మనిషి ఉందా అనిపించింది.

దిగేటప్పుడు ఆలోచన ఉండదు.
రాయి, రాయి, బోదగడ్డి, రాయి,
తప్పుకోని తొండ ఒకటి,
వంకర దగ్గర రెండు వేళ్ళతో నొక్కితే
కాలిన టైరు వాసన.
లారీ పోయిన ఊర్లన్నీ ఆ వాసనలో ఉండాయేమో,
వెనక చక్రం చెప్పిన మాట విన్నది.

రెండో చుట్టులో కొన మీదకొస్తే
దూరంగా ఊరు.
నిన్న నడిచిన సందు ఏదో చూద్దామని
ఒక్క క్షణం తలెత్తినాను.
అంతే.
మోకాలు, మోచెయ్యి, నోట్లో ఎర్ర మన్ను.
తప్పు బ్రేకుది కాదు, ఊరిది.

లేచి మళ్ళా ఎక్కినాను.
పదకొండో స్థానం.
పదకొండుకు కప్పు ఉండదు,
అరటిపండు, నీళ్ళ సీసా ఉంటాయి.
అరటిపండు బాగుంది.

సాయంత్రం బస్సుకు ముందు పాతబస్తీకి పోయినాను.
ఆదివారం. షట్టరు దింపి ఉంది.
ముప్పై రూపాయలు
ఛాతీ మీది నంబరు గుడ్డలో చుట్టి
షట్టరు కిందికి తోసినాను.
పక్కింటి పిల్లోన్నడిగి సుద్దముక్క తీసుకొని
షట్టరు మీద రాసినాను:

"తాతా, పడింది.
నేనూ పడినాను."