బి సైడు చివర

గ్రీమ్స్‌పేటలో మా ముందు గది.
రెండు టేపు రికార్డర్లు: ఒకటి మాది,
ఇంకొకటి ఇనాయతుల్లా వాళ్ల మామ కువైట్ నుంచి తెచ్చింది.
రెంటినీ కలిపే వైరు చిత్తూరులో దొరకలేదు.
అందుకని ఎదురెదురుగా కూర్చోబెట్టేవాళ్లం,
పెళ్లిచూపుల్లో మాదిరి.
ఒకటి పాడేది, ఇంకొకటి వినేది.

ఫ్యాను ఆపాలి. కిటికీ మూయాలి.
మే నెల.
పాట ఐదు నిమిషాలైతే ఐదు నిమిషాలూ
ఎవరూ దగ్గకూడదు.
మా అన్న జయశీలన్ వేలు పైకెత్తి నిలబడేవాడు,
చర్చిలో పాటల మాస్టరు మాదిరి.
దొరవేలుకి మాత్రం సరిగ్గా గిటారు పైకెక్కే చోటే తుమ్మొచ్చేది.
మొన్నెక్కడో ఆ పాట విన్నాను,
తుమ్ము లేదు.
ఉప్పు తక్కువైనట్టు అనిపించింది.

వెల్లూరు నుంచి చేతులు మారి వచ్చే క్యాసెట్లు,
అట్టలుండవు, పేర్లుండవు.
బ్యాండ్లకి పేర్లు మేమే పెట్టుకున్నాం:
పిడుగోళ్లు. జులపాలోళ్లు.
గొంతులో గులకరాళ్లు పోసుకున్నాయన.
పిడుగోళ్లు గొప్పా జులపాలోళ్లు గొప్పా అని
ఇనాయత్, దొరవేలు వారం రోజులు మాట్లాడుకోలేదు,
మధ్యలో మాటలు నేను మోసినాను.
నాకు నచ్చింది వాళ్లెవరూ కాదు.
ఒక ఆడగొంతు, ఒకే ఒక్క పాటలో,
ఎవరిమీదో తెలీని కోపంతో.
ఆమెకు పేరు పెట్టలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

నా రాత గుండ్రంగా ఉంటుందని
లేబుళ్లు నాతో రాయించేవాళ్లు.
ఇంగ్లీషు మాటలు ఎంత చెవి పెట్టినా సగమే దొరికేవి,
మిగతాది తెలుగులో నేనే పూడ్చేదాన్ని:
"రైలు మాదిరి మొదలయ్యేది"
"వానలో ఎవరో తలుపు కొట్టేది"
"దొరవేలు తుమ్మింది".

జూన్ మొదట్లో ఒక వ్యాను
మద్రాసు నుంచి బెంగుళూరు పోతా పోతా
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దాటినాక పొగ కక్కి ఆగింది.
నలుగురు మనుషులు, భుజాలదాకా జుట్టు.
వెనక డ్రమ్ములు దుప్పట్లో చుట్టి
ఎవరినో ఆసుపత్రికి తీసుకుపోతున్నట్టు.
ఇనాయత్ సైకిల్ మీద వీధంతా కేకేసినాడు:
"బ్యాండోళ్లు వచ్చినారు!"
పెళ్లి బ్యాండనుకోని మా అమ్మ తల కూడా ఎత్తలేదు.

మెకానిక్ రేడియేటరు విప్పతా ఉంటే
పోయి నిలబడినాం. ఏం అడగాలో తెలీదు.
డ్రమ్ములాయన తోతాపురి కాయ కొరకతా ఉన్నాడు,
ఉప్పూ కారం, కళ్లెంబడి నీళ్లు.
"మీరేం వింటారు?" తమిళంలో ఆయనే అడిగినాడు.
జులపాలోళ్లని అంటామా, ఆ జుట్టు ముందర?
మా అన్న జేబులోంచి తీసి ఇచ్చేసినాడు.
మా మంచి క్యాసెట్. నలభై రోజుల క్యాసెట్.
ఆయన లేబులు తిప్పి తిప్పి చూసి
"ఇదేంది, జిలేబీలు చుట్టినారే" అని నవ్వినాడు,
కారం వేళ్లతోనే చొక్కా జేబులో వేసుకున్నాడు.
వ్యాను పలమనేరు వైపు పోయింది.

ఆ రాత్రి దొరవేలు తల పట్టుకున్నాడు.
బి సైడు చివర,
పిడుగోళ్ల గిటారు ఆకాశంలో ఉండగా,
గోడవతల నుంచి వాళ్లమ్మ గొంతు పడింది అందులో:
"ఒరే దొరవేలూ, కొళాయికి నీళ్లొచ్చినాయి,
బిందె ఎత్తుకోని రారా, మళ్లీ నిలిచిపోతాయి!"
పరువు పోయిందన్నాడు.
రెండు రోజులు బయటికి రాలేదు.

పోయినేడు చిన్నపాపమ్మ కాలమైపోయింది.
పదహారో రోజు అన్నాలైనాక
అదే ముందు గదిలో కూర్చున్నాం, నలుగురం.
ఫోటోలు నాలుగైదు ఉన్నాయి. గొంతు ఎక్కడా లేదు.
ఫోన్లో ఆమె ఎప్పుడూ "ఊ" అనే మనిషే,
ఆ "ఊ" కూడా దొరవేలు దాచిపెట్టుకోలేదు.
ఉన్నట్టుండి ఇనాయత్ అన్నాడు:
"ఆ క్యాసెట్."

ఎవరూ మాట్లాడలేదు.
మా అన్న లేచి
ఫ్యాను ఆపినాడు.