తొలిచూలు

మిన్యాలో, నైలు పక్క సందులో
దిమ్యానా కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుంది.
పచ్చబొట్టు సూది జుమ్మంటోంది.
బిషోయ్‌కి నాలుగేళ్లు. తొలిచూలు.

పస్కా కథ చదివినప్పుడల్లా
చర్చిలో ఆమె ఒక్కతే తల వంచుకుంటుంది:
ఆ అర్ధరాత్రి గోషెనులో కాదు,
మా ఇళ్లలో లేచింది ఏడుపు.
మా గడపలకు ఎవరూ చెప్పలేదు
హిస్సోపు కట్ట సంగతి.

సూది ఆగింది.
లేత మణికట్టు మీద నీలి సిలువ,
దాని కొసన ఎర్రగా ఒక్క చుక్క.
తుడవబోయి, ఆగింది.
ద్వారబంధం ఇంత సన్ననా,
ఇంత వెచ్చనా!
మచ్చలేని గొర్రెపిల్ల ఈసారి
ఏ జాతి గుమ్మమని అడగలేదు.

"అమ్మా, మంట."
"ఉంటుంది నాన్నా," అంది
ఊదుతూ.