రెండోది ఎర్రగా

చిత్తూరు బెల్లం మండీ వెనక సందులో
ఏకాంబరం హోటలుకు బోర్డు లేదు.
ఉండిందంట ఒకప్పుడు.
ఏదో తుపానుకు ఎగిరిపోయి పక్కింటి రేకుల మీద పడితే
వాళ్ళు దాన్ని కోళ్ళగూటికి తలుపు చేసుకున్నారు.
ఇప్పటికీ ఆ కోళ్ళు
'కాఫీ టీ టిఫిన్' వెనక నిద్రపోతాయి.

పెనం వాళ్ళ నాయన గుడియాత్తంలో కొన్నది.
నడిమధ్య పల్లం పడి
పోసిన పిండి అందులోకే జారుతుంది.
అందుకే ఇక్కడ దోశ గుండ్రంగా ఉండదు,
చెవి మాదిరి ఉంటుంది.

తెల్లారి ఆరుంపావుకు పోతాను నేను.
మండీలో తూకం రాసేవాణ్ణి,
ఎన్ని నీళ్ళు పోసినా
వేళ్ళ సందుల్లో జిగట పోదు.
మూడో బల్ల, గోడ పక్క.
బల్ల కాలికింద మడిచి పెట్టిన అట్టముక్క
నేను పెట్టిందే,
ఎప్పుడో గుర్తు లేదు.

ఎదురుగ్గా ఆయన.
పదకొండేళ్ళుగా ఎదురుగ్గా ఆయనే.
ఖాకీ చొక్కా, కాని డ్రైవరు కాదు.
చెవి మీద బీడీ, తాగంగా ఎప్పుడూ చూళ్ళేదు.
చెనిగ్గింజల ఊరిబిండి గిన్నె
ఆయన నా పక్కకు నూకుతాడు,
సాంబారు బకెట్టు నేను ఆయన పక్కకు.
అంతే మా మాటలు.
ఒకసారి మాత్రం, వాన పడే రోజు,
"ఉప్పెక్కువైంది" అన్నాడు.
"అవును" అన్నాను.
ఆ మాట మీద నాలుగేళ్ళు గడిచిపోయినాయి.

మొన్నొక సోమవారం ఆయన రాలేదు.
మంగళవారం రాలేదు.
బుధవారం ఆ చోట్లో ఎవరో కాలేజీ పిల్లోడు
ఫోను చూసుకుంటా ఇడ్లీ తింటన్నాడు.
చెయ్యి అలవాటుగా బకెట్టు నూకింది.
అడ్డమొచ్చినాననుకొని వాడు
"సారీ అంకుల్" అని జరిగినాడు.

శనివారానికి నాకు గొంతు దిగలేదు.
గల్లా దగ్గర నిలబడి అడిగినాను:
"ఏమప్పా, నా ఎదురుగ్గా కూర్చునేటాయన..."
"ఎవురు, రెండోది ఎర్రగానా?"
"అదేం పేరు?"
పద్దు పుస్తకం నా పక్కకు తిప్పినాడు.
నూనె తాగి అద్దాలైపోయిన కాగితాలు.
ఒక్క మనిషి పేరు లేదు.
సగం కాఫీ.
మిరియాలు ఏరేటామె.
చిల్లర లేదు సారు.
వేడినీళ్ళ తాత.
రెండోది ఎర్రగా, నూటా నలభై బాకీ.

"మొదటి దోశ ఎట్ల పోసినా తింటాడు.
రెండోదాన్ని మాత్రం పెనం మీద మరిచిపోవాల.
అంతకు మించి మాకేం తెలుసు?"
పెనం పక్కనుంచి తులసమ్మ తలెత్తకుండా అనింది:
"వారమాయె,
మరిచిపోయేదానికి ఒక దోశ లేదు నాకు."

నా పేరు కోసం వెతికినాను.
సిగ్గేసింది గాని వెతికినాను.
ఏకాంబరం వేలు పెట్టి చూపించినాడు:
'ఎర్రగా ఆయనకు ఎదురు.'

ఆ పొద్దు మండీలో
మూడు దిమ్మెలు తక్కువ రాసి తిట్లు తిన్నాను.

పదో రోజు వచ్చినాడు.
చెంపలు లోపలికి పోయి, నోట్లో కొత్త పళ్ళు,
ఎవరి నవ్వో అద్దెకు తెచ్చుకున్నట్టు.
బాకీ కట్టి మరీ కూర్చున్నాడు.
తులసమ్మ రెండోదాన్ని పెనం మీద వదిలేసింది,
వాసన సందు చివరిదాకా పోయింది.
ఆయన దాన్ని చూసినాడు.
ఒక ముక్క విరిచినాడు, నోట్లో పెట్టుకోలేదు,
సాంబారులో వేసినాడు.
నానేదాకా ఇద్దరం దాన్నే చూస్తా కూర్చున్నాం.

మీ పేరేందని నోటిదాకా వచ్చింది.
అంతలో ఊరిబిండి గిన్నె నా పక్కకు నూకినాడు.
వేసుకున్నాను.
"ఈ పొద్దు ఉప్పు సరిపోయింది" అన్నాను.
చానాసేపు నమిలి,
"నాకింకా తెలీడంలే" అన్నాడు.