నీలిపూస

తొంకొరికి ఒళ్లంతా మనిషి పేర్లే.
తల, మెడ, భుజాలు.
తీగలు బిగించే మేకులు చెవులు:
అటు మూడు, ఇటు రెండు.
ఒక చెవి తక్కువైందని ఎవరూ వెక్కిరించరు.
నడిమధ్య గుండ్రటి రంధ్రం బొడ్డు.
పైచెక్క అతికించే ముందు కడుపులో ఒక పూస వేస్తారు.
అది ప్రాణం.
వంచితే గలగలమనాలి,
అప్పుడే మా ఐనులకు అది మనిషి కింద లెక్క.

ఇదంతా నాకు అమ్మమ్మ చెప్పలేదు.
అడిగినదానికి ఆమె ఎప్పుడూ జవాబు చెప్పేది కాదు.
తొకొరో ఒడ్డున సాల్మన్ల కడుపు చీల్చి
గుడ్లు బకెట్లోకి జారవిడుస్తూ
బొటనవేలితో బల్ల అంచు మీద
ఐదు దెబ్బలు, మళ్లీ అవే ఐదు.
ఏంటది అంటే,
"చలికి వేళ్లు కొట్టుకుంటున్నాయి."

ఆమె పేరు ఉపాస్మా. అందులో మంచు ఉంది.
కాగితాల మనిషి యుకినో అని రాసుకున్నాడు.
అందులోనూ మంచే.
"అనువాదం బాగానే చేశాడు,
కరిగింది మాత్రం నేను" అనేది.

సఖలిన్ వదిలి ఓడెక్కిన ఏడు
ఎవరు మోయగలిగింది వాళ్లు మోశారు.
ఆమె వీపున తమ్ముడు, చంకలో తొంకొరి.
కుక్కలు రేవు దాకా వచ్చాయట.
అక్కడికి ఆపి చేపవైపు తిరిగేది.

మిగతాది తొరకిచి తాత చెప్పాడు,
ఆమె పోయిన రోజు, సాకే గ్లాసు చేతిలో చల్లారిపోతుంటే.
వీపున వచ్చిన తమ్ముడు ఆయనే.

మూడో చలికాలం.
సముద్రం గడ్డకట్టి పడవలన్నీ బోర్లా పడుకున్న నెల.
పిల్లాడికి దగ్గు.
కళ్లజోడు పెద్దమనిషి ఒకడు ఇల్లిల్లూ తిరిగి
పాత సామాన్లు కొంటున్నాడు.
తొంకొరికి రెండు బస్తాల బియ్యం అన్నాడు.
రేపొస్తానన్నాడు.

ఆ రాత్రి ఆమె దాన్ని
అన్నం గిన్నె మీద బోర్లించి ఊపింది.
పూస బొడ్డు దాకా వస్తుంది, తొంగిచూస్తుంది,
మళ్లీ లోపలికి దొర్లిపోతుంది.
బతిమాలింది. తిట్టింది.
అడ్డం తిరిగిన బిడ్డను మంత్రసాని సవరించినట్టు
పక్కకు వంచి, వీపున మెల్లగా తట్టింది.
తెల్లారగట్ల గిన్నెలో టంగుమంది.
తమ్ముడు లేచి కూర్చుని
"తినేదా?" అన్నాడు.

పొద్దున పెద్దమనిషి అటూ ఇటూ తిప్పి చూశాడు.
ఒక్క పగులూ లేదని మెచ్చుకున్నాడు.
మోసమంటారా?
ఒళ్లు అమ్మింది.
ప్రాణం బేరంలో లేదు, అతను అడగనూ లేదు.

మొన్న దాన్ని చూశాను, మ్యూజియం గోదాంలో.
నాకు తెల్ల గ్లౌజులిచ్చారు.
దాని మెడకి దారం, దారానికి నంబరు.
తిడతారేమోనని భయపడుతూనే కొంచెం వంచాను.
ఏమీ లేదు.
"ఎంత బాగా భద్రపరిచామో చూడండి" అన్నాడు కుర్రవాడు.
అవునన్నాను.
గొంతులో నవ్వో ఏదో అడ్డం పడింది.

తొంకొరికి మెట్లు లేవు.
తీగను వేలితో అదమరు.
ఏ తీగ స్వరం ఆ తీగదే, ఉన్న పొడుగంతా దానిదే.
నొక్కిపెట్టి, పొట్టిచేసి
ఇంకొకరి స్వరం పలికించాలని చూడరు.
రెండు చేతులూ రెండు వైపులనుంచీ మీటుతాయి,
లోతు మంచులో ఒకరి అడుగుల్లో ఒకరు అడుగేసుకుంటూ
ఇంటికి నడిచినట్టు.
బల్ల అంచు మీది ఆ ఐదు దెబ్బలు ఏమిటో
నాకు నలభై ఏడేళ్లకు అర్థమయ్యాయి.

స్ప్రూస్ దుంగ నేనే తొలిచాను.
ఎడమ అరచేతిలో మూడు కుట్లు పడ్డాయి.
దురదగొండి నార పేనిన వేళ్లు వారం మండాయి.
పైచెక్క సిద్ధమైన రోజు
అమ్మమ్మ తలపట్టీ అంచు కుట్టు విప్పాను.
నీలిపూస. శనగగింజంత.
అముర్ నది వర్తకుల దగ్గర
ఎవరో ముత్తాత నక్కతోలు ఇచ్చి తెచ్చినదట.
ఒక పక్క అరిగి ఉంది, నెత్తికి రాసుకుని రాసుకుని.

కడుపులో వేశాను. జిగురు రాశాను.
చెక్క మీద ఏటిరాళ్లు బరువు పెట్టి
దీపం తీసేశాను.

అర్ధరాత్రి రోడ్డు మీద చేపల లారీ వెళ్లింది.
ఇల్లు కాస్త అదిరింది.
తీగలింకా కట్టని ఆ చీకటి లోపల
ఎవరో
పక్కకు ఒత్తిగిల్లారు.