ఏది దేంట్ల తెరుసుకుంటది

అచ్చంపేట బస్టాండుకు ఎదురుంగ
చెప్పుల దుకాణానికీ మిర్చీబండికీ నడుమ
ఇరుకు గదిల నా ఆన్‌లైన్ సెంటరు.
పొద్దున షట్టరు ఎత్తంగనే
దీపం కన్నా ముందు వచ్చే యోచన ఒక్కటే:
ఇయ్యాల చక్రమా, నక్కనా?

చక్రంల భూమి పోర్టల్ దబ్బున తెరుసుకుంటది.
వేలిముద్ర డబ్బ ఎర్రగ కన్ను తెరుస్తది.
కని తెలుగుల ప్రింటు కొడితే
ఒత్తులు అక్షరం కింద నిలవడవు,
ఫుట్‌బోర్డు మీది కాలేజీ పోరగాండ్ల లెక్క
పక్కకు వేలాడ్తయి.
ఈదమ్మ పేరు
ఈదమ్, కొంచెం ఎడంగ
ఒంటరి మ.
బ్యాంకుల సారు అడిగిండట
నువ్వొక్కదానివేనా, ఇద్దరా అని.
ఆమె ఆ మాట నాకు చెప్పి నవ్వింది.
నేను నవ్వలే.

నక్కల నా తెలుగు కుదురుగ కూసుంటది.
నాలుగేండ్ల సంది అలవాటైన కీబోర్డు అండ్లనే,
తప్పు రాస్తే కింద ఎర్రగీత గీసే
జీతం లేని పంతులు అండ్లనే.
అయితే వేలిముద్ర డబ్బను అది ఎరుగదు.
ఒకే బల్ల మీద రెండేండ్లు పక్కపక్కన ఉండి
రోజూ కొత్తగనే అడుగుతది, నువ్వెవరు?
పింఛన్ల నాడు లైను మిర్చీబండి దాటుతది.
ఎవరూ నక్కతోక తొక్కి రారు.

ఇగ నీలం అల ఒకటున్నది,
కంప్యూటరుతోని వచ్చిన చుట్టం.
పిలువకున్నా ముందట వడ్తది, పొమ్మన్నా పోదు.
స్కాలర్‌షిప్పు రసీదు మాత్రం
దాంట్లనే నిండుగ వస్తది,
లేకుంటే అడుగు గీత తెగుతది, పిల్లల ఏడాది తెగుతది.

"ఒక్కటి పట్టుకో అక్కా,
రెండు పడవల మీద కాళ్ళు ఎందుకు?"
ఛాయ్ తెచ్చిన జహంగీర్ అన్నడు.
సోమశిల రేవు కాడ పెరిగినదాన్ని తమ్మీ,
నడిమిట్ల ఇంజను ఆగితే
పక్క పడవలకు ఎట్ల దుంకుడో
మా నాయిన ఈతకన్న ముందు నేర్పిండు.

అందుకే నక్కల పేరు రాస్త,
దోసిట్ల నీళ్ళ లెక్క చక్రం కాడికి తెస్త.
దారిల ఒక సున్న కారిపోతది ఒక్కోసారి.
మళ్ళ పోత.

మొన్న రాత్రి చక్రం తనంతట తానే మారింది.
తెల్లారి చూస్తే ఒత్తులన్నీ బుద్ధిగ
ఎవరి తావుల వాళ్ళు.
ఈదమ్మను పిలిపించి ప్రింటు ఇచ్చిన,
పైసలు కూడ తీసుకోలే.
పగటాలకు భూమి పోర్టల్
తెల్ల కాయిదం అయి కూసున్నది.
ఎవరు చేసిండ్రు, ఎక్కడ కూసోని చేసిండ్రు,
వాళ్ళకు అచ్చంపేట ఏ దిక్కున్నదో ఎరుకనా?
తిట్టనీకె ఒక పేరైనా లేదు.

పోయిన వానకాలం చికున్‌గున్యా వచ్చి
కీళ్ళన్నీ తలుపు బందుల లెక్క బిగుసుకపోతే
జహంగీరే తొమ్మిది రోజులు దుకాణం నడిపిండు.
వానికి తాళంచెయ్యి ఇచ్చిన,
దాంతోని పాత ఖాతాబుక్కు ఇచ్చిన.
ముందు పేజీలల్ల ఉద్దెర.
వెనుక నుంచి తిప్పితే నా రాత:
భూమికి చక్రం, పేర్లకు నక్క,
చదువులకు అల,
కరెంటు బిల్లు దేంట్లనైనా, మూడు దాటినంక వద్దు.

అన్ని కిటికీలకూ ఒకటే బుక్కు.
అది మారాల్నంటే నేనే కొట్టేసి రాయాలె.

ఆఖరి పేజీ గురించి వానికి నేను చెప్పలే,
వాడే చదువుకున్నడు:

పదర తండా దేవ్లీ, ఎడమ బొటనవేలు,
గోరింటాకు పెట్టుకుంటే వారం ఆగాలె.
సిమెంటు పని మాసయ్య, ఏ వేలూ రాదు,
చిటికెన వేలు ఒక్కసారి వచ్చింది, మళ్ళ చూడు.
ఈదమ్మ, కుడి చూపుడువేలు,
ముందుగాల్ల మంచినీళ్ళు ఇయ్యి,
చెయ్యి తడి చేసుకొమ్మను,
ఆమె పేరు నువ్వే గట్టిగ సదువు,
మ్మ వినవడాలె.