జానెడు ఎత్తు

చీమకుర్తి కాటా గదిలో
రాతి దుమ్ము నాకంటే ముందే వచ్చి కూర్చుంది,
కీబోర్డు మీద, టీ గ్లాసు అంచు మీద,
రాత్రి నుంచి లేవని సర్వరు మీద.

బయట పదకొండు లారీలు.
ఒక్కోదాని వీపున ఒక్కో నల్లరాయి
లోపల బంగారు మినుకులు దాచుకుని
తూకం చీటీ కోసం.

తెర మీద ఒకే మాట:
రూట్ కనబడటం లేదు.

డిస్కులున్నాయి, వాటి లైట్లు పచ్చగానే ఉన్నాయి.
వాటి దాకా తీసుకెళ్లే కంట్రోలరుకి
డ్రైవరే ఎక్కలేదు.
ఆ డ్రైవరున్నది ఆ డిస్కుల్లోనే.
తాళంచెవి ఇంట్లో మరిచి
తలుపు లాగేసుకున్నట్టు.
బూటయ్యేటప్పుడు వెంట ఉండాల్సిన చిన్న సంచిలో
దాన్ని సర్దలేదు
శనివారం నాటి అప్‌డేట్.

"ఏదో ఒకటి ఎక్కించమ్మా, బలవంతంగానైనా"
అంటాడు మేనేజరు వెంగళరెడ్డి, లారీల వైపే చూస్తూ.
నా పెన్‌డ్రైవులో ఉంది ఒకటి. పేరు అదే.
పుట్టింది మాత్రం వేరే కెర్నల్‌కి.
ఫోర్స్ అని ఒక్క మాట చేరిస్తే ఎక్కుతుంది కూడా.
ఎక్కాక ఏ సెక్టారు మీద కాలు పెడుతుందో
ఎవరికి తెలుసు?
ఆరేళ్ల తూకాలున్నాయి అందులో.

అబద్ధమెందుకు, వేలు ఎంటర్ దాకా వెళ్లింది.

కిటికీలోంచి క్వారీ అంచు కనబడుతుంది.
క్రేను మీద కాలేషా.
ముప్పై టన్నుల దిమ్మెకు ఇనపతాడు బిగించి
జానెడు లేపి
ఆపేశాడు.
గాల్లో రాయి. కింద దాని నీడ.
మాలకొండయ్య చుట్టూ తిరిగి
ఒక్కో కొక్కెం, ఒక్కో ముడి తడిమి చూస్తున్నాడు.
"లేపబాక, లేపబాక... ఉండు"
అంతసేపూ ఇంజను గొణుగుతూనే ఉంది.
తర్వాతే చెయ్యి ఊపాడు.

వేలు వెనక్కి తీశాను.

జాబితాలో కిందికి దిగి
పాత కెర్నల్‌ని పిలిచాను.
ఏదీ ఎక్కకముందే ఆగమన్నాను.
కార్డు నంబరు అడిగి
ఈ డ్రైవరుకు తెలిసినవాళ్లలో అది ఉందా అని వెతికాను.
ఉంది.
ముందు ఉత్తుత్తిగా ఎక్కించి చూపమన్నాను,
ఆ తర్వాత నిజంగా.
లాగ్ వరసలు ఒక్కోటీ వేలు పెట్టి చదివాను,
మా నాయనమ్మ బియ్యంలో రాళ్లేరినట్టు.
నాలుగు డిస్కులు తమ పేర్లు చెప్పుకున్నాయి.
"చదువు, రాయబాక" అని
అప్పుడు మౌంట్ చేశాను.

ఆరేళ్లూ ఉన్నాయి.
పోయిన గురువారం రాసిన చివరి తూకంతో సహా.

కొత్త కెర్నల్ సంచిని మళ్లీ కట్టి
మూట విప్పి చూసి, మళ్లీ ముడేసి
రీబూట్.
ఆ రెండు నిమిషాలు వెంగళరెడ్డి కూడా మాట్లాడలేదు.

మొదటి చీటీ కరకరమంటూ బయటికొచ్చింది.
లారీ కదిలింది. ఎవరూ నన్ను చూడలేదు.

సర్వరు మూత మీది దుమ్ములో
వేలితో రాశాను:
పాత కెర్నల్ తీసేయబాకండి.
సాయంత్రానికి దుమ్మే దాన్ని పూడ్చేస్తుందని గుర్తొచ్చి
మార్కరుందా అని అడిగాను.